ముందు చర్మం వెనక్కి రావట్లేదు: ఆపరేషన్ తప్పదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 27, హైదరాబాద్‌లో ఉద్యోగం, మూడు నెలల్లో పెళ్లి. అంగం మామూలుగా ఉన్నప్పుడు ముందు చర్మం సగం దాకా వెనక్కి వస్తుంది. గట్టిపడినప్పుడు అస్సలు రాదు, లాగితే నొప్పి. ఫోన్ చేస్తే ఒక క్లినిక్ వాళ్లు మనిషిని చూడకుండానే "లేజర్ చేయించేసుకోండి సార్, ఇరవై నిమిషాల పని" అన్నారు. ఫ్రెండేమో స్టాప్లర్ మంచిదంటున్నాడు. క్రీము రాస్తే తగ్గుతుందని మీరెక్కడో చదివారు. వీటిలో ఏది నిజం, ఇంట్లో తెలియకుండా పని అయిపోతుందా అని.

నేను గుంటూరు వైపు యూరాలజీ ప్రాక్టీసు చేస్తాను. మా ఓపీలో ఈ సమస్య వారం వారం కనిపించేదే. కాకపోతే వచ్చినవాళ్లు ముందు "మూత్రంలో మంట" అనో "నడుం నొప్పి" అనో మొదలుపెడతారు, తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగి అసలు విషయం చెబుతారు. మీరు నేరుగా అడిగారు కాబట్టి నేనూ నేరుగానే చెబుతాను.

మీరు రాసిన లక్షణాలకి మొదటి వైద్యం స్టెరాయిడ్ క్రీము, దానితోపాటు నెమ్మదిగా సాగదీయడం. కత్తి ఆ తర్వాతి మాట. దీనికి షరతు ఒక్కటే: బిగుతుగా ఉన్న ఆ అంచు మెత్తగా, మామూలు చర్మం రంగులోనే ఉండాలి. అది తెల్లబారి, గట్టిపడి, లాగినప్పుడల్లా చీలుతుంటే క్రీముతో నెలలు గడపడం వృథా, ఆపరేషనే దారి. స్టాప్లరా, లేజరా, మామూలు కుట్లా అన్న ప్రశ్న ఆపరేషన్ అవసరమని తేలాకే వస్తుంది. ఆ క్లినిక్ వాళ్లు వరస తిరగేశారు.

ఆ అంచు ఎలా ఉందో మీరే చూసుకోవచ్చు. స్నానం చేశాక మంచి వెలుతురులో, అంగం మామూలుగా ఉన్నప్పుడు, చర్మాన్ని నొప్పి పుట్టనంత వరకే వెనక్కి జరపండి. ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఒక రింగులా బిగుతు తెలుస్తుంది. ఆ రింగు పక్కనున్న చర్మం లాగే ముడతలు పడుతూ, గులాబీ రంగులోనో మీ ఒంటి రంగులోనో ఉంటే క్రీముకి లొంగే రకం. పాలిపోయిన తెల్లటి పట్టీలా, వేలికి బిరుసుగా తగులుతూ, మెరుస్తున్నట్టు ఉంటే దాని కథ వేరు, కింద చెబుతాను.

క్రీము ఎందుకు పనిచేస్తుందంటే, స్టెరాయిడ్ అక్కడి వాపును తగ్గిస్తుంది, చర్మంలోని కొల్లాజెన్ పోగుల తయారీని నెమ్మదింపజేస్తుంది, చర్మాన్ని కొద్దిగా పల్చబరుస్తుంది. ముఖం మీద రాస్తే చెడుపు చేసే గుణమే ఇక్కడ మనకి పనికొస్తోంది. అలా పల్చబడి సాగే గుణం వచ్చిన చర్మాన్ని రోజూ కాస్త కాస్త సాగదీస్తే రింగు వెడల్పవుతుంది. రాసి వదిలేస్తే సగం పనే అవుతుంది. సాగదీయడం లేకుండా "రెండు ట్యూబులు అయిపోయాయి, ఏం తేడా లేదు" అని వచ్చేవాళ్లే ఎక్కువ.

సాధారణంగా రాసేది బీటామెథాసోన్ 0.05 శాతం లేదా 0.1 శాతం, లేదంటే మోమెటాసోన్ 0.1 శాతం. రోజుకి రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు. ట్యూబు పేరు డాక్టరు చేత రాయించుకోండి, షాపులో నోటిమాటగా అడగొద్దు. ఎందుకంటే మన దగ్గర బెట్నోవేట్ అన్న ఒక్క పేరు మీదే ఎన్, సి, జీఎం అని వేరే వేరే ట్యూబులున్నాయి, ఒక్కోదాంట్లో ఒక్కో యాంటీబయాటిక్కో ఫంగస్ మందో కలిసి ఉంటుంది. మీకు కావలసింది ఏ కలగలుపూ లేని సాదా స్టెరాయిడ్. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం నిబంధన పెట్టింది, అయినా గజ్జి, తామర, దురద అన్నిటికీ షాపువాళ్లు చేతికిచ్చేది ఇప్పటికీ ఇవే. ఫంగస్ ఉన్నచోట ఉత్త స్టెరాయిడ్ రాస్తే అది ఇంకా పాకుతుంది. కాబట్టి లోపల ఎరుపు, దురద, పెరుగులాంటి తెల్లటి పొర ఉంటే ముందు దాన్ని తగ్గించాకే ఈ క్రీము.

రాసే పద్ధతి కూడా చెబుతాను, ఓపీలో ఇది వివరించే తీరిక చాలామందికి ఉండదు. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేశాక చర్మం వదులుగా ఉంటుంది, అప్పుడు మొదలుపెట్టండి. చర్మాన్ని బిగుతు తెలిసే దాకా, నొప్పి మొదలయ్యే ముందు వరకు వెనక్కి జరిపి అక్కడే అర నిమిషం పట్టి ఉంచండి, వదలండి, మళ్లీ. అలా ఐదు నిమిషాలు చాలు. తర్వాత కందిగింజంత క్రీము తీసుకుని ఆ రింగు మీదే చుట్టూ రాయాలి. అంగం తల మీద పూయడం, అంగమంతా పట్టించడం అనవసరం. చివరగా చర్మాన్ని తప్పనిసరిగా ముందుకి తెచ్చేయాలి. ఇది మర్చిపోతే ఏమవుతుందో కింద రాశాను.

సబ్బు వద్దు, డెట్టాల్ అసలే వద్దు. లోపల తెల్లగా పేరుకునేది చీము కాదు, రాలిన చర్మకణాలు, జిడ్డు. మామూలు నీళ్లు చాలు. ఇక తొందరపడి ఒక్కరోజులో వెనక్కి లాగేద్దామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: చీలిక పడితే అది మానేటప్పుడు మచ్చ కడుతుంది, మచ్చ ముడుచుకుంటుంది, రింగు ఇదివరకటి కంటే ఇరుకవుతుంది. రక్తం వచ్చిందంటే ఆ రోజుకి ఆపేసి, పూర్తిగా మానే దాకా ఆగండి.

పెళ్లికి నెల కూడా లేదనగా వచ్చిన ఒకబ్బాయి గుర్తున్నాడు. ఒక క్లినిక్‌లో "లేజర్ ప్యాకేజీ"కి అడ్వాన్సు కట్టేసి, ఎందుకో అనుమానం వచ్చి రెండో అభిప్రాయం కోసం వచ్చాడు. చూస్తే రింగు మెత్తగా ఉంది, కాకపోతే పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చర్మం వెనక్కి జరిపి ఎరగడు. ఆ సమయంలో ఆపరేషన్ చేస్తే పెళ్లినాటికి పుండు మానదు, అది వేరే చిక్కు. క్రీము రాసిచ్చి పంపాను. పెళ్లినాటికి మామూలుగా ఉన్నప్పుడు పూర్తిగా వెనక్కి వచ్చేది, గట్టిపడినప్పుడు కూడా వచ్చేసరికి ఇంకో నెల పట్టింది. ఆపరేషన్ అక్కర్లేదు. అడ్వాన్సు వాళ్లు తిరిగి ఇవ్వలేదని మాత్రం ఇప్పటికీ అంటుంటాడు.

క్రీము గెలిచాక వదిలేస్తే మళ్లీ బిగుసుకునే అవకాశం ఉంది. స్నానంలో రోజూ ఒకసారి వెనక్కి జరిపి కడిగి ముందుకి తేవడం జీవితాంతం అలవాటు చేసుకోవాలి. క్రీము మాత్రం ఎనిమిది వారాలు దాటి సొంతంగా కొనసాగించొద్దు, చర్మం మరీ పల్చబడి చీలుతుంది.

ఇప్పుడు ఆ తెల్లటి గట్టి రింగు సంగతి. దీన్ని లైకెన్ స్క్లెరోసస్ అంటాం, పాత రిపోర్టుల్లో బీఎక్స్‌ఓ అని రాసి ఉంటుంది. ఇది అంటువ్యాధి కాదు, సుఖవ్యాధి కాదు, శుభ్రత లోపం వల్ల వచ్చిందని మిమ్మల్ని మీరు తిట్టుకోవలసింది కాదు. చర్మం దానంతట అదే బిరుసెక్కిపోయే జబ్బు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. ముందు చర్మంతో ఆగకుండా మూత్రం వచ్చే రంధ్రం దాకా, ఒక్కోసారి లోపలి మూత్రనాళం దాకా పాకి దారిని ఇరుకు చేస్తుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే అంగం క్యాన్సర్ ముప్పు కూడా కొంత పెరుగుతుంది. తొలిదశలో క్లోబెటాసోల్ అనే బలమైన స్టెరాయిడ్ వాడి చూస్తాం, కానీ మచ్చ ముదిరిందంటే సున్తీయే సరైన వైద్యం. తీసిన చర్మాన్ని పారేయకుండా బయాప్సీకి పంపమని అడగండి. మూత్రం ధార సన్నబడినా, పక్కకి చిమ్ముతున్నా అది కూడా డాక్టరుకి చెప్పాలి.

మరొకటి, షుగరు. చిన్నప్పుడు మామూలుగా వెనక్కి వచ్చిన చర్మం పెద్దయ్యాక బిగుసుకుంటే ముందు రక్తంలో షుగరు చూపించుకోండి, చర్మం సంగతి తర్వాత. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి యాభై దాటిన రైతు ఒకాయన వచ్చారు. చర్మం అంచు చుట్టూతా నిలువుగా చీలికలు, ఒక్కో చీలిక బ్లేడుతో గీసినట్టు, మూత్రం తగిలితే మంట. ఆరు నెలలుగా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పూతమందులు మారుస్తున్నారు. షుగరు చూస్తే మూడు వందల పైన ఉంది, ఆయనకి షుగరుందని అప్పటిదాకా తెలియదు. చక్కెర అదుపులోకి వచ్చాక చీలికలు మానాయి, కానీ అప్పటికే మచ్చ కట్టేసింది కాబట్టి చివరికి సున్తీ చేయాల్సి వచ్చింది. ముందే షుగరు చూసి ఉంటే బహుశా క్రీముతోనే పోయేది.

ఇప్పటికే షుగరుకి మందులు వాడేవాళ్లు బిళ్ల పేరు చూసుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకాలు చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. ఆ తీపి తడి చర్మం కింద నిలిస్తే ఫంగస్‌కి పండగే. గుండెకి, కిడ్నీలకి మేలు చేసే మంచి మందులివి, కాబట్టి సొంతంగా మానేయొద్దు. మూత్రానికి వెళ్లినప్పుడల్లా కడిగి తుడుచుకోండి, ఇన్ఫెక్షన్ పదేపదే వస్తుంటే షుగరు డాక్టరుకి చెప్పి మార్పించుకోండి.

మీ విషయంలో చూడాల్సింది ఇంకొకటి ఉంది. అంగం కింది వైపు తలనీ చర్మాన్నీ కలుపుతూ సన్నటి మడత ఉంటుంది, ఫ్రెన్యులం. కొందరికి రింగు బాగానే ఉండి ఈ మడత పొట్టిగా ఉంటుంది. చర్మం లాగితే తల కిందికి వంగుతుంది, నొప్పి ఆ ఒక్క చోటే ఉంటుంది. తొలిరాత్రి రక్తం కారిందని కంగారుగా ఫోన్ చేసే కొత్త పెళ్లికొడుకుల్లో చాలామందిది ఇదే. దీనికి సున్తీ అక్కర్లేదు. మడతను అడ్డంగా కోసి నిలువుగా కుట్టే చిన్న పని చాలు.

ఇక ఆపరేషనే కావాలంటే ఉన్న దారులు.

సున్తీ అంటే ముందు చర్మాన్ని పూర్తిగా తీసేయడం. సమస్య మళ్లీ రాదు, అదే దీని బలం. అంగం మొదట్లో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తాం, అరగంట నుంచి ముప్పావుగంట. అదే రోజు ఇంటికి. కరిగిపోయే కుట్లు వేస్తాం కాబట్టి తీయించుకునే పని లేదు, రెండు మూడు వారాల్లో రాలిపోతాయి.

చర్మం ఉంచుకోవాలనుకునేవాళ్లకి ప్రెప్యూషియోప్లాస్టీ ఉంది: బిగుతు రింగును నిలువుగా కోసి అడ్డంగా కుట్టి వెడల్పు చేయడం. "సున్తీ అంటే మా ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు" అనేవాళ్లకి ఈ మాట చెబుతాను, చాలామందికి ఇలాంటిది ఒకటుందనే తెలియదు. కాకపోతే చర్మం మెత్తగా ఉంటేనే పనికొస్తుంది, లైకెన్ స్క్లెరోసస్ ఉంటే చేయకూడదు, కొందరికి మళ్లీ బిగుసుకుంటుంది.

స్టాప్లర్ కూడా సున్తీయే, పరికరం తేడా. గంట ఆకారపు ముక్కని తల మీద పెట్టి, చర్మాన్ని దాని మీదకి లాగి, ఒక్క నొక్కులో కోత, పిన్నులు రెండూ పడతాయి. పని త్వరగా అవుతుంది, రక్తం తక్కువ. పిన్నులు వారాల మీద వాటంతట అవే రాలాలి. కొన్ని చర్మంలో ఇరుక్కుంటే మళ్లీ వచ్చి తీయించుకోవాలి. పరికరం సైజు సరిగా ఎంచకపోతే చిక్కులొస్తాయి, ఖర్చూ ఎక్కువ. మచ్చ బాగా కట్టిన, వాచిన చర్మానికి నేను చేత్తో చేసేదాన్నే నమ్ముతాను.

లేజర్ అన్నది నా దృష్టిలో ఎక్కువగా బోర్డు మీది మాట. కోసేది కత్తి అయినా లేజర్ అయినా తీసేది అదే చర్మం, పుండు మానడానికి పట్టేదీ దాదాపు అదే కాలం. "లేజర్" అని పిలిచి లోపల స్టాప్లర్‌తో చేసే చోట్లూ ఉన్నాయి. అడగాల్సింది యంత్రం గురించి కాదు: చేసేది ఎవరు, యూరాలజిస్టా, జనరల్ సర్జనా, అర్ధరాత్రి రక్తం కారితే ఫోనెత్తేది ఎవరు?

ఆపరేషన్ తర్వాత మొదటి వారం వాపు మామూలే, చూసి బెంబేలెత్తొద్దు. తెల్లవారుజామున అంగం గట్టిపడినప్పుడు కుట్లు లాగి నిద్ర లేస్తారు, లేచి కాసేపు నడిస్తే, మూత్రానికి వెళ్లొస్తే సర్దుకుంటుంది. బట్టకు తగిలితే తల జివ్వుమంటుంది, రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. లుంగీ మేలు. వారం పది రోజులు బండి నడపొద్దు. కలయిక, హస్తప్రయోగం ఆరు వారాలు వద్దు. గుడ్డ తడిసిపోయేంత రక్తం, జ్వరం, చీము, మూత్రం ఆగిపోవడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే వెళ్లాలి. పిల్లలు పుట్టడానికీ దీనికీ సంబంధం లేదు. సుఖం తగ్గుతుందా అంటే, చాలామంది పెద్ద తేడా లేదంటారు, కొందరు కాస్త తగ్గిందంటారు. అసలు తేడాయే ఉండదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

ముందు చెబుతానన్న హెచ్చరిక. బిగుతు చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగాక ముందుకి రాకపోతే, బిగుతు ఉంగరం ఇరుక్కున్న వేలిలా తల వాచిపోతుంది. దీన్ని పారాఫైమోసిస్ అంటాం, ఇది ఎమర్జెన్సీ. హాస్టల్ కుర్రాడొకడు సాయంత్రం ఇలా అయితే సిగ్గుతో రాత్రంతా ఓర్చుకుని తెల్లారి వచ్చాడు, అప్పటికి చర్మం నీటితిత్తిలా ఉబ్బి ఉంది. ఇలా జరిగితే వాచిన భాగాన్ని గుప్పిట్లో పట్టి ఐదు పది నిమిషాలు నిదానంగా, ఎడతెగకుండా నొక్కండి. వాపు దిగాక బొటనవేళ్లతో తలని లోపలికి నెడుతూ చర్మాన్ని ముందుకి తెండి. రాకపోతే అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి వెళ్లాలి. ఆలస్యమైతే తలకి రక్తప్రసరణ ఆగుతుంది. ఆస్పత్రిలో మూత్రపు గొట్టం వేసిన పెద్దవాళ్లకీ ఇలా అవుతుంటుంది, గొట్టం వేశాక చర్మం ముందుకి తేవడం మర్చిపోతారు. ఇంట్లో ఎవరికైనా గొట్టం వేస్తే ఒకసారి గమనించండి.

మీ మేనల్లుడి గురించి కూడా చివర్లో ఒక ముక్క అడిగారు, నాలుగేళ్ల వాడికి చర్మం రావట్లేదని. ఆ వయసులో రాకపోవడమే మామూలు. చర్మం లోపల అతుక్కుని ఉంటుంది, పెరిగేకొద్దీ విడుతుంది. డెన్మార్క్ బడిపిల్లల మీద 1968లో వచ్చిన పేరున్న అధ్యయనంలో పదహారు పదిహేడేళ్లు వచ్చేసరికి బిగుతు మిగిలింది నూటికి ఒకరికే. నూనె రాసి బలవంతంగా లాగొద్దని మీ అక్కకి చెప్పండి. పదేపదే ఇన్ఫెక్షన్, మూత్రానికి ముక్కడం, అంచు తెల్లబారడం ఉంటేనే పిల్లల సర్జన్‌కి చూపించాలి.

ఇంట్లో తెలియకుండా అంటే, మీరు మేజర్, మీ విషయం మీ అనుమతి లేకుండా డాక్టరు ఇంకొకరికి చెప్పకూడదు. క్రీము వైద్యం గదిలో మీరొక్కరే చేసుకునేది. ఆపరేషన్ అయితే ఇంటికి తీసుకెళ్లడానికి ఒక స్నేహితుడైనా పక్కనుండాలి. డబ్బు ఇబ్బందైతే ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి. కంపెనీ ఇన్సూరెన్సు ఉంటే, చాలా పాలసీలు సున్తీని జబ్బు కోసమైతేనే ఇస్తాయి కాబట్టి, కాగితాల్లో "ఫైమోసిస్" (ముందు చర్మం బిగుతుకి మేం పెట్టే పేరు ఇదే) అన్న నిర్ధారణ రాయించుకుని ముందస్తు అనుమతి తీసుకోండి.

తేదీల లెక్క ఇలా వేసుకోండి. ఈ వారమే యూరాలజిస్టుకి చూపించి, షుగరు టెస్టు చేయించుకుని క్రీము మొదలుపెట్టండి. సరిగ్గా నాలుగు వారాలకి మళ్లీ చూపించుకోండి. కొంచెమైనా వదులైతే ఎనిమిది వారాల దాకా కొనసాగించండి. ఏమాత్రం కదలిక లేకపోతే అప్పుడే ఆపరేషన్ చేయించుకోండి, మానడానికి ఆరు వారాలు పోను ఇంకా రెండు మూడు వారాలు చేతిలో ఉంటాయి. ఎనిమిది వారాలు ఆగి అప్పుడు ఆపరేషన్ అంటే పెళ్లి తేదీ మీద పడుతుంది. అలాంటి పరిస్థితే వస్తే ఆపరేషన్‌ని పెళ్లి తర్వాతకి జరపండి, మీ ఆవిడకి విషయం ముందే చెప్పండి. ఈలోగా రింగు ఎలా ఉంది, చీలికలేమైనా ఉన్నాయా అన్నది రాస్తే చూసి చెబుతాను. ఫొటోలు మాత్రం ఇక్కడ పెట్టొద్దు.